46 మీటర్ల నవారు మీద 454 కోట్ల ఏళ్లు: జీవ పరిణామ కాలపట్టీని తయారుచేసి, పరిచి, పిల్లల్ని నడిపించడం ఎలా

భూమి వయసు 454 కోట్ల ఏళ్లని చదివిన పిల్లవాడికి ఆ అంకె పొరపాటున 45 కోట్లని అచ్చుపడినా తేడా తెలియదు. పెద్దవాళ్లకూ అంతే. అంకె మరీ పెద్దదైతే మనసు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. దూరం అలా కాదు, ఎంత నడిచామో కాళ్లకు తెలుస్తుంది. కాలాన్ని దూరంగా మార్చి నేలమీద పరిస్తే డైనోసార్లు ఎంత ఈమధ్యవో, కంటికి కనపడని జీవులే ఎంతకాలం ఈ భూమ్మీద ఉన్నాయో ఒక్క నడకలో అర్థమవుతుంది.

కావలసింది 46 మీటర్ల నవారు, ముప్పై దాకా అట్టముక్కలు, కొన్ని రంగుల ఉలెన్ దారాలు, మూడు రాళ్లు, ఒక బొగ్గు ముక్క. ఇద్దరు కూర్చుంటే రెండు మూడు పూటల పని. ఒకసారి చేస్తే ఏళ్ల తరబడి వాడుకోవచ్చు. హైదరాబాద్‌లో స్కూలు గ్రౌండ్‌లోనో అపార్ట్‌మెంట్ ఆవరణలోనో పరుచుకునేలా లెక్కలన్నీ వేసి పెట్టాం.

ముందు స్కేలు

మీటరుకు 10 కోట్ల ఏళ్లు. అంటే సెంటీమీటరుకు 10 లక్షలు, మిల్లీమీటరుకు లక్ష. మనం లక్షల్లో, కోట్లలో లెక్కపెట్టుకోవడం ఇక్కడ బాగా కలిసొస్తుంది. కోట్లలో ఉన్న అంకెను 10తో భాగిస్తే మీటర్లు వచ్చేస్తాయి. 6.6 కోట్ల ఏళ్లయితే 0.66 మీటరు, అంతే.

ఇంగ్లిష్ పుస్తకాల్లో అంకెలు మిలియన్లలో ఉంటాయి. ఒక మిలియన్ అంటే 10 లక్షలు, అంటే మన పట్టీ మీద సరిగ్గా ఒక సెంటీమీటరు. 252 మిలియన్ ఏళ్లంటే 252 సెంటీమీటర్లు. మార్చాల్సిన పనే లేదు. తప్పులు జరిగేది బిలియన్ల దగ్గర. ఒక బిలియన్ అంటే 100 కోట్లు, అంటే 10 మీటర్లు. 3.48 బిలియన్‌ను తొందరలో 34.8 కోట్లుగా రాసుకుంటే ఆ అట్ట 3.48 మీటర్ల దగ్గరికి పోతుంది. అప్పుడు తొలి సూక్ష్మజీవులు చేపల తర్వాత పుట్టినట్టవుతుంది! అందుకే ప్రతి అట్ట వెనక వయసు కోట్లలోనూ, దూరం మీటర్లలోనూ రెండూ రాయండి. రాసినవాళ్లు కాకుండా రెండో మనిషి సరిచూడాలి.

చాలామందికి ఒక ఆలోచన వస్తుంది: జంతువులు దాదాపు అన్నీ చివరి 54 కోట్ల ఏళ్లలోనే ఉన్నాయి కదా, ఆ భాగాన్ని సాగదీసి ముందు భాగాన్ని కుదిస్తే బొమ్మలకు చోటుంటుందని. ఆ పని చేయకండి. గోడమీది చార్టులన్నీ చేసేది అదే. వాటివల్లే భూమి పుట్టగానే కొద్దిసేపటికి డైనోసార్లు వచ్చాయనే భ్రమ ఏర్పడింది. పట్టీ మొత్తానికి ఒకటే స్కేలు ఉండాలి.

చోటు

46 మీటర్ల పట్టీకి రెండు చివర్లా రెండేసి మీటర్లు కలిపితే 50 మీటర్ల నేల కావాలి, తిన్నగా. క్రికెట్ పిచ్‌లో వికెట్‌కు వికెట్‌కు మధ్య దూరం 20.12 మీటర్లు కాబట్టి, పిచ్‌లు రెండు వరసగా పెట్టి ఇంకో పది మీటర్లు కలిపితే ఎంతో అంత. ఊళ్లో చాలా స్కూళ్లకు అంత గ్రౌండ్ ఉండదని తెలుసు. అలాంటప్పుడు సగం స్కేలు పెట్టుకోండి: 23 మీటర్లు, మీటరుకు 20 కోట్లు. అప్పుడు మనిషి జాతి ఒకటిన్నర మిల్లీమీటరు అవుతుంది, ఇంకా కంటికి ఆనుతుంది. అంతకన్నా తగ్గిస్తే చివరి భాగం అట్టల కుప్పవుతుంది.

చోటు చాలక మూల దగ్గర మలుపు తిప్పాల్సి వస్తే 34 మీటర్లకూ 25 మీటర్లకూ మధ్య ఎక్కడైనా తిప్పండి. చివరి ఆరు మీటర్లు మాత్రం తిన్నగా, ఒకచోట నిలబడితే మొత్తం కనిపించేలా ఉండాలి.

ఎండ సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం పూట ఎప్పుడైనా పరవచ్చు. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం ఎలాగూ ఉంది. మార్చి దాటితే తొమ్మిదిలోపు ముగించేయండి, సిమెంటు నేల మీద పిల్లలు నిలబడలేరు.

సామాను

నవారు నూలుదే తీసుకోండి, మంచాలకు అల్లేది. వెడల్పుగా ఉంటుంది, నేలకు అంటుకుని పడుంటుంది, దానికి పిన్నీసు దిగుతుంది. నైలాన్ తాడు వద్దు. లాగితే సాగుతుంది, ఎండలో ఒకలా, చల్లటిపూట ఒకలా ఉంటుంది. బేగంబజార్‌లో నవారు చుట్టలు దొరుకుతాయి. 50 మీటర్లు తీసుకోండి. నూలు తడిస్తే కుంచించుకుపోతుంది కాబట్టి గుర్తులు పెట్టకముందే ఒకసారి నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాలి. ఇది మరిచిపోయి గుర్తులన్నీ పెట్టాక ఒక వాన పడిందంటే పట్టీ మీటరుకు పైగా తగ్గిపోవచ్చు. మన స్కేల్లో అది 10 కోట్ల ఏళ్లు.

కొలవడానికి 50 మీటర్ల ఫైబర్ టేపు అయితే మంచిది, సివిల్ పనులు చేసేవాళ్ల దగ్గర అడిగితే ఒకపూటకు ఇస్తారు. వడ్రంగులు వాడే 5 మీటర్ల టేపుతో కూడా చేయొచ్చు. కానీ జరిపిన ప్రతిసారీ రెండు మూడు మిల్లీమీటర్లు తప్పుతుంది, అవన్నీ కలుస్తూ పోతాయి.

అట్టముక్కలు పోస్ట్‌కార్డు సైజువి, రెండు రంగులవి: తెలుపు, పసుపు. తెల్లవి గట్టి ఆధారం ఉన్నవాటికి, పసుపువి శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన నడుస్తున్నవాటికి. ఈ తేడా చూపించడం ముఖ్యం. అన్నీ ఒకే ధీమాతో చెబితే రేపు ఒకటి మారినప్పుడు పిల్లలు మిగతావాటినీ నమ్మరు. అక్షరాలు రెండు సెంటీమీటర్ల ఎత్తుండాలి, నిలబడి చూస్తే కనపడాలి కదా. లామినేషన్ వద్దు, ఎండలో మెరిసి చదవనివ్వదు. ఇవికాక పిన్నీసులు, ఆరు రంగుల ఉలెన్ ఉండలు, కొంచెం తెల్లగుడ్డ, ఎర్రగుడ్డ, నల్ల టేపు, సగం ఇటుకలు పది.

సున్నా ఎటువైపు?

కొలత ఎప్పుడూ ఈ రోజు నుంచి వెనక్కి పోవాలి. టేపు సున్నా 'నేడు' అనే చివర ఉండాలి. భూమి పుట్టుక నుంచి కొలుచుకుంటూ వస్తే, దారిలో పోగైన తప్పంతా వచ్చి ఈ చివర పడుతుంది. భూమి పుట్టుక దగ్గర మూడు సెంటీమీటర్లు తప్పినా ఎవరికీ నష్టం లేదు, అక్కడి వయసుల్లోనే అంత తేడా ఉంటుంది. అదే మూడు సెంటీమీటర్లు ఈ చివర తప్పితే ఆఫ్రికాలో రెండు కాళ్ల మీద నడిచిన మన పూర్వ బంధువు లూసీ ఎగిరిపోతుంది. పైగా శాస్త్రం చెప్పే వయసులన్నీ 'ఇప్పటికి ఇన్నేళ్ల కిందట' అనే ఉంటాయి. కొలవడం ఇటునుంచి, నడవడం అటునుంచి.

నవారును నేలమీద పరిచి ఇద్దరు రెండు చివరలా పట్టుకోండి. ముడతలు పోయేంత లాగితే చాలు, బిగించి లాగొద్దు. ప్రతి ఐదు మీటర్లకూ ఒక సగం ఇటుక పెట్టి, మీటరు మీటరుకూ చిన్న గీత గీయండి. మార్కరు ఇంకు నూలులో పాకుతుంది కాబట్టి నవారు మీద అక్షరాలు రాయకండి. గీత మాత్రమే నవారు మీద, రాతంతా అట్ట మీద.

పెట్టాల్సిన గుర్తులు

45.4 మీ. భూమి పుట్టుక. 45.1 దగ్గర చంద్రుడు.

44.04 మీ. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ స్ఫటికాల్లో అన్నిటికన్నా పాతది, 440.4 కోట్ల ఏళ్లనాటిది. ఇసుక రేణువంత ఉంటుంది. ఆకాశం నుంచి పడిన ఉల్కలను పక్కనపెడితే, భూమిపై మనకు దొరికినవాటిలో ఇంతకు మించిన పాత ముక్క లేదు.

41 మీ., 37 మీ. రెండూ పసుపు అట్టలే. మొదటిది అదే జాక్ హిల్స్ జిర్కాన్‌లో చిక్కుకున్న కర్బనం, రెండోది గ్రీన్‌లాండ్‌లోని ఇసువా రాళ్లు. జీవం ఆనవాళ్లు ఉన్నాయని కొందరు, లేవని కొందరు.

34.8 మీ. పశ్చిమ ఆస్ట్రేలియా పిల్బరా ప్రాంతంలోని స్ట్రొమాటలైట్లు. సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన రాతి దిబ్బలివి. ఇక్కడి నుంచి జీవం ఉందని చాలామంది ఒప్పుకుంటారు, తెల్ల అట్ట పెట్టొచ్చు.

25 మీ. హైదరాబాద్ గ్రానైట్. దీని గురించి కింద చెబుతాం.

24.3 నుంచి 23 మీ. దాకా ఎర్రగుడ్డ పరవండి, గాల్లో ఆక్సిజన్ నిలదొక్కుకున్న కాలం. అంతకుముందే ఎండతో ఆహారం చేసుకునే సైనోబాక్టీరియా ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టింది కానీ, సముద్రంలో కరిగి ఉన్న ఇనుము, అగ్నిపర్వతాల నుంచి వచ్చే వాయువులు దాన్ని ఎప్పటికప్పుడు వాడేసుకున్నాయి. అలా తుప్పుపట్టి అడుక్కు చేరిన ఇనుమే పొరలు పొరల ఇనుప రాయి. బళ్లారి, సండూరు గనుల్లో తవ్వుతున్నది అలాంటి రాయినే, అది ఈ ఎర్రగుడ్డ కన్నా ముందు కాలానిది. ఇది ఒక తేదీ కాదు, కొన్ని కోట్ల ఏళ్లు సాగిన మార్పు. అందుకే అట్ట కాక గుడ్డ.

20 నుంచి 19 మీ. మధ్య కడప జిల్లా వేంపల్లె డోలమైట్ రాళ్లలోని స్ట్రొమాటలైట్లు. తెలుగువాళ్లకు ఇంటిదగ్గరే దొరికే పాత జీవం ఆనవాళ్లివి. పిల్బరా అట్ట మీదా ఈ అట్ట మీదా ఒకే రకం బొమ్మ వేయండి. మధ్యలో 15 మీటర్లు గడిచినా రాతి మీద కనిపించే తీరు పెద్దగా మారలేదని పిల్లలకు తెలియాలి.

16.5 మీ. కేంద్రకం ఉన్న కణాల శిలాజాలు. 16 మీ. దగ్గర పసుపు అట్ట ఒకటి: మధ్య భారతంలోని చిత్రకూట్ రాళ్లలో దొరికినవి ఎర్ర నాచులే అని 2017లో ప్రకటించారు. 10.47 మీ. కెనడా ఆర్కిటిక్ దీవుల్లో దొరికిన బాంజియోమార్ఫా, ఇది ఎర్ర నాచే అన్నదాంట్లో పేచీ లేదు. ఆడ మగ తేడాతో సంతానం కన్న తొలి జీవుల్లో ఒకటిగా దీన్ని లెక్కిస్తారు.

7.17 నుంచి 6.60 మీ. తెల్లగుడ్డ, 57 సెంటీమీటర్లు. భూమి దాదాపు ధ్రువాల నుంచి భూమధ్యరేఖ దాకా మంచుతో కప్పుకుపోయిన కాలం. మళ్లీ 6.35 దగ్గర ముగిసేలా ఇంకో చిన్న తెల్లగుడ్డ.

5.58 మీ. డికిన్సోనియా. పళ్లెంలా చదునుగా ఉండే మెత్తటి జీవి. శిలాజంలో కొలెస్టరాల్ ఆనవాళ్లు దొరకడంతో ఇది జంతువేనని 2018లో తేలింది.

5.39 మీ. జంతువుల రకాలు వేగంగా పెరిగిన కేంబ్రియన్ కాలం మొదలు. 5.21 ట్రైలోబైట్లు, గట్టి పెంకున్న సముద్ర జీవులు. 5.18 చైనాలోని చెంగ్‌జియాంగ్ శిలాజాలు. తొలి చేపల్లాంటివి వీటిలోనే ఉన్నాయి. 4.7 నేలమీది మొక్కల సిద్ధబీజాలు (స్పోర్లు). 3.75 టిక్టాలిక్, రెక్కల్లోనే మణికట్టు ఎముకలు తయారైన చేప.

2.8 మీ. సింగరేణి బొగ్గు. ఇక్కడ ఒక తప్పు తరచూ జరుగుతుంది. విదేశీ పుస్తకాలు బొగ్గు అనగానే కార్బొనిఫెరస్ అంటాయి, ఆ కాలం 3.59 నుంచి 2.99 మీటర్ల దాకా. అది యూరప్, అమెరికా బొగ్గు. గోదావరి లోయలోని మన బొగ్గు ఆ తర్వాతి పెర్మియన్ కాలానిది, ఎక్కువగా గ్లాసోప్టెరిస్ అనే చెట్లది.

2.3 మీ. తొలి డైనోసార్లు. 2.05 తొలి క్షీరదాల్లాంటి చిన్న జీవులు. 1.8 కోటాసారస్, పాత ఆదిలాబాద్ జిల్లాలో దొరికిన డైనోసార్. 1.5 ఆర్కియోప్టెరిక్స్, ఈకలున్న పక్షిలాంటి జీవి. 1.3 పూలు.

48 సెం.మీ. ఇండోహ్యూస్. జమ్మూ కశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించిన రాళ్లలో దొరికిన చిన్న గిట్టల జంతువు. పిల్లి కన్నా పెద్దది కాదు. దాని చెవి ఎముక తిమింగలాల చెవి ఎముకలా ఉందని 2007లో గుర్తించారు. దాదాపు అదే సమయానికి, 50 సెం.మీ. దగ్గర, భారత భూభాగం ఆసియాను తాకింది. హిమాలయాలకు అదే మొదలు.

6 నుంచి 7 సెం.మీ. మన దారీ చింపాంజీల దారీ విడిపోయిన చోటు. 3.2 లూసీ. 1.5 చెన్నై దగ్గర అత్తిరంపాక్కంలో దొరికిన రాతి గొడ్డళ్లు.

చివరగా 3 మిల్లీమీటర్లు: మనం.

ఇవికాక ఐదు చోట్ల నవారుకు అడ్డంగా నల్ల టేపు అంటించాలి. 4.45, 3.72, 2.52, 2.01, 0.66 మీటర్ల దగ్గర. మూకుమ్మడిగా జాతులు అంతరించినవి ఇక్కడే. 2.52 దగ్గరిది అన్నిటికన్నా ఘోరమైనది, సైబీరియాలో లావా పొంగిన కాలం. సముద్ర జాతుల్లో 80 శాతానికి పైగా పోయాయి. ఆ టేపు రెండు వరసలు వేయండి.

ఖాళీని నింపకండి

ఇన్ని గుర్తులు పెట్టాక చూస్తే 34.8 నుంచి 7 మీటర్ల దాకా 28 మీటర్లలో ఏడెనిమిది అట్టలే ఉంటాయి. ఏదో వెలితిగా ఉందని అక్కడ భూమి బొమ్మలు, గ్రహాల బొమ్మలు పెట్టబుద్ధవుతుంది. పెట్టొద్దు. ఈ పట్టీలో అసలు విషయం ఆ ఖాళీయే. అంతకాలమూ జీవం లేక కాదు, ఉన్న జీవం కంటికి కనపడనంత చిన్నదిగా ఉంది. ఎండ నుంచి ఆహారం తయారుచేసుకోవడం, ఆక్సిజన్‌ను వాడుకోవడం, ఒక కణం ఇంకో కణంలో కాపురం పెట్టి, దానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాగా మారడం, ఇలాంటి పెద్ద పనులన్నీ ఆ ఖాళీలోనే జరిగాయి. ఏనుగులూ మర్రిచెట్లూ వాటి మీద ఆధారపడి తర్వాత వచ్చినవే.

దారాలు

అట్టలతోనే ఆపేస్తే పట్టీ ఒక మెట్లదారిలా కనిపిస్తుంది: బాక్టీరియా పోయి చేప వచ్చింది, చేప పోయి బల్లి వచ్చింది, ఆఖరున మనిషి వచ్చాడు అన్నట్టు. పరిణామం గురించిన అపోహల్లో ఇదే పెద్దది. దీన్ని విరగ్గొట్టేవి ఉలెన్ దారాలు.

ఒక్కో వంశానికి ఒక్కో రంగు. దారం ఆ వంశం మొదలైన అట్ట దగ్గర ముడివేసి, నవారు వెంట తెచ్చి, ఇంకా బతికున్నదైతే సున్నా దాకా లాగాలి. బాక్టీరియా దారం 34.8 నుంచి సున్నా దాకా, ఎక్కడా తెగదు. కేంద్రకం ఉన్న కణాల దారం 16.5 దగ్గర మొదలవుతుంది. మైటోకాండ్రియా ఒకప్పుడు బాక్టీరియా కాబట్టి ఆ చోట బాక్టీరియా దారంతో ఒక ముడి వేయండి. జంతువుల దారం 5.58 నుంచి, మొక్కల దారం 4.7 నుంచి, రెండింటినీ కేంద్రక కణాల దారానికే కట్టాలి. ట్రైలోబైట్ల దారం 5.21 దగ్గర జంతువుల దారం నుంచి చీలి 2.52 దగ్గర, ఆ రెండు వరసల నల్ల టేపు మీద, కత్తెరతో తెగాలి. తెగిన కొస బయటికి కనపడేలా వదిలేయండి.

డైనోసార్ల దారం 2.3 నుంచి మొదలవుతుంది. దీన్ని 0.66 దగ్గర కత్తిరించడానికి అందరి చెయ్యీ పోతుంది. అక్కడ దారానికి ఉన్న పోగులు చాలావరకు కత్తిరించి ఒక్క పోగు మాత్రం సున్నా దాకా పోనివ్వండి. ఆ పోగు పక్షులు. ఉలెన్ దారం మూడు నాలుగు పోగులు పేనినదే కాబట్టి సులువుగా విడివడుతుంది. స్కూలు గోడమీది పావురాన్ని చూపించి ఆ పోగు ఎక్కడిదాకా వచ్చిందో అడిగితే ఇక వేరే వివరణ అక్కర్లేదు.

దారం ప్రతి మీటరుకూ ఒక పిన్నీసుతో నవారుకు పట్టించాలి. లేకపోతే గాలికి చిక్కుపడి విప్పడానికే గంట పడుతుంది. కొలతకన్నా పది శాతం ఎక్కువ తీసుకోండి.

రాళ్లు

అంకెల కన్నా చేతిలో పట్టుకున్న రాయి ఎక్కువ గుర్తుంటుంది. హైదరాబాద్ వాళ్ల అదృష్టం, మొదటి రాయి కాళ్లకిందే ఉంది. ఈ ఊరి బండలు, గులాబీ రంగువైనా బూడిద రంగువైనా, సుమారు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. 25 మీటర్ల దగ్గర పెట్టండి, పట్టీలో సగం దాటి ఉంటుంది. భూగర్భ శాస్త్రం ఆర్కియన్ యుగానికి ముగింపు చెప్పేది కూడా అక్కడే. ఇల్లు కట్టేచోట పారేసిన ముక్క తీసుకోండి. పార్కుల్లోనూ యూనివర్సిటీల్లోనూ ఉన్న బండల్ని పగలగొట్టొద్దు, ఇప్పటికే చాలా పోయాయి.

గ్రానైట్‌లో శిలాజం వెతకమని పిల్లలకు చెప్పకండి. అది భూమి లోపల కరిగిన ద్రవం గడ్డకట్టగా వచ్చిన రాయి, అందులో జీవి నిలవదు.

రెండో రాయి దక్కన్ బసాల్ట్, 66 సెంటీమీటర్ల దగ్గర. చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు పోతే నల్లటి లావా రాయి మొదలవుతుంది. దక్కన్ లావాలో ఎక్కువ భాగం 6.6 కోట్ల ఏళ్లకు అటూ ఇటూ పది లక్షల ఏళ్లలోపే పొంగింది, అంటే పట్టీ మీద ఒక సెంటీమీటరు. మెక్సికోలో చిక్షులూబ్ దగ్గర ఉల్క పడిందీ ఈ సెంటీమీటరులోనే. డైనోసార్ల అంతానికి ఉల్కే ప్రధాన కారణమని ఎక్కువమంది ఒప్పుకుంటారు, లావా పాత్ర ఎంతన్నది పసుపు అట్ట మీద రాయండి. జాగ్రత్త ఒకటి: ఊళ్లో గ్రానైట్ మధ్య గోడల్లా నిలువుగా చొచ్చుకొచ్చిన నల్లరాయి కనిపిస్తుంది, కంకరలోనూ కలుస్తుంది. అది డోలరైట్, దక్కన్ లావా కన్నా ఎన్నో రెట్లు పాతది. నల్లగా ఉన్నదల్లా బసాల్ట్ అనుకుని 66 దగ్గర పెట్టొద్దు. వికారాబాద్ వైపు వెళ్లినవాళ్లతో తెప్పించుకోవడమే నయం.

సింగరేణి బొగ్గు ముక్క 2.8 దగ్గరికి. వేంపల్లె స్ట్రొమాటలైట్ రాయి దొరకకపోతే ఫొటో చాలు.

కోటాసారస్‌కు రాయి వద్దు, ముందురోజు పిల్లల్ని నౌబత్ పహాడ్ మీది బిర్లా సైన్స్ మ్యూజియంకు తీసుకెళ్లండి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరం అక్కడుంది. పి. యాదగిరి 1988లో దీనికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరుపెట్టారు. మర్నాడు పట్టీ దగ్గర ఒక లెక్క చేయించండి. కోటాసారస్ 1.8 మీటర్ల దగ్గర, సినిమాల్లో కనిపించే టైరనోసారస్ 68 నుంచి 66 సెంటీమీటర్ల మధ్య. ఆ రెంటి మధ్య దూరం మీటరుకు పైనే. టైరనోసారస్‌కూ మనకూ మధ్య అంతకూడా లేదు. డైనోసార్లన్నీ ఒకేకాలంలో కలిసి తిరిగాయనే ఊహ అక్కడికక్కడే పోతుంది.

చివరి సెంటీమీటరుకు రెండో పట్టీ

3 మిల్లీమీటర్లలో ఏమీ రాయలేం. ఒక మీటరు పొడవు అట్ట తీసుకుని, నవారు మీది చివరి ఒక్క సెంటీమీటరును నూరు రెట్లు పెద్దది చేయండి. దీని మీద మిల్లీమీటరుకు వెయ్యేళ్లు. మొత్తం 10 లక్షల ఏళ్లు. దీన్ని నవారుకు అతికించకుండా పక్కన బల్ల మీద పెట్టండి. కలిపితే స్కేలు మారిందని ఎవరూ గమనించరు.

దీని మీద 30 సెంటీమీటర్ల దగ్గర మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన, మన జాతివిగా లెక్కించే పాత ఎముకలు. 7.4 దగ్గర జ్వాలాపురం. నంద్యాల ప్రాంతంలోని ఈ ఊళ్లో 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం నుంచి ఎగిరొచ్చిన బూడిద పొర ఉంది. ఆ పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. ఒక సెంటీమీటరు, కొంచెం అటూ ఇటూగా, వ్యవసాయం. ఇక 1591లో కట్టిన చార్మినార్‌కు అర మిల్లీమీటరు కూడా రాదు. సున్నాను ఆనుకుని సన్నటి పెన్సిల్ గీత ఒకటి గీస్తే హైదరాబాద్ చరిత్ర మొత్తం అందులోకి వచ్చేస్తుంది.

నడిపించడం

ఒక్కసారికి ఇరవై మందికి మించొద్దు. వెనకవాళ్లకు అట్టలు కనపడవు. పట్టీకి రెండు వైపులా నడవనివ్వండి, తొక్కకుండా. పెద్దవాళ్ల అడుగు 70 సెంటీమీటర్లు అనుకుంటే అడుగుకు 7 కోట్ల ఏళ్లు. డైనోసార్లు పోయినప్పటి నుంచి జరిగిందంతా ఆఖరి అడుగులోపే. అడుగులు పైకి లెక్కపెట్టిస్తూ తీసుకెళ్లండి.

ప్రతి అట్ట దగ్గరా ఆగొద్దు. 34.8, ఎర్రగుడ్డ, 16.5, తెల్లగుడ్డ, 5.39, నల్ల టేపులు, ఇవి చాలు. ముందే ఎక్కువ మాట్లాడితే చివరి మీటరుకు వచ్చేసరికి పిల్లలు అలిసిపోతారు. ఆ మీటరు దగ్గర నలుగురు నలుగురుగా వంగి చూడనివ్వండి, మిగతావాళ్లు ఆలోగా రాళ్లు చూస్తారు.

'కోతుల నుంచి మనిషి వస్తే ఇంకా కోతులెందుకున్నాయి?' అనే ప్రశ్న తప్పక వస్తుంది. ఆరు, ఏడు సెంటీమీటర్ల మధ్య ఒక ముడి వేసి రెండు పోగులు సున్నా దాకా లాగి ఉంచుకోండి. ఒకటి చింపాంజీది, ఒకటి మనది. రెండూ ఒకే పొడవు. ఆ ముడి దగ్గరున్నది చింపాంజీ కాదు, మనిషీ కాదు.

'ముందు పుట్టింది' అనే మాట వాడేటప్పుడు 'ఇప్పటిదాకా దొరికినవాటిలో పాతది' అనండి. శిలాజం దొరికిన వయసు ఆ వంశం పుట్టిన వయసు కాదు, పుట్టుక ఎప్పుడూ అంతకన్నా కొంత వెనకే ఉంటుంది.

చుట్టి దాచడం

పిన్నీసులు మూసి ఉన్నాయో లేదో చూసి, భూమి పుట్టుక చివర నుంచి చుట్టడం మొదలుపెట్టండి. అప్పుడు 'నేడు' పైకి ఉంటుంది, మళ్లీ పరిచేటప్పుడు సున్నా నుంచే విప్పొచ్చు. రాళ్లు వేరే డబ్బాలో. వానాకాలం బూజు పట్టకుండా నెలకోసారి ఎండకు వేయండి.

అట్టలను కుట్టేయకుండా పిన్నీసులతో పెట్టమనడానికి కారణం, వయసులు మారతాయి. కేంబ్రియన్ మొదలు చాలాకాలం 54.1 కోట్లుగా ఉండేది, ఇప్పుడు 53.88. పట్టీ మీద అది రెండు సెంటీమీటర్ల పైచిలుకు జరిగింది. అంతర్జాతీయ స్తరశాస్త్ర కమిషన్ తన కాలపట్టికను కొత్త కొలతలు వచ్చినప్పుడల్లా సవరించి ఉచితంగా పెడుతుంది. ఏటా ఫిబ్రవరిలో పట్టీ బయటికి తీసేముందు దాన్ని ఒకసారి చూసి, మారిన అట్టల్ని జరిపి, వెనక ఉన్న అంకె కొట్టేసి కొత్తది రాయండి. పాత అంకె మాత్రం చెరపొద్దు, కొట్టివేత కనపడేలా ఉండనివ్వండి. ఎందుకు మారిందని పిల్లలు అడుగుతారు.